యెల్లోనైఫ్‌లో స్కీ నేర్చుకుంటూ తెలుసుకున్న ఫర్త్ కవలల కథ

మేము ఉండేది కెనడా ఉత్తరాన, గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డునున్న యెల్లోనైఫ్‌లో. మా ఆయన వజ్రాల గనుల్లో ఇంజినీరు, నేను ఫార్మసిస్టుని. ఇక్కడ దాదాపు దసరా వెళ్లగానే పడిన మంచు ఉగాది దాటినా కరగదు. డిసెంబరు చివర్లో పగలు ఐదు గంటలే. మొదటి చలికాలమంతా ఇల్లు, కారు, డ్యూటీ, మళ్లీ ఇల్లు. జనవరి వచ్చేసరికి ఏ పని మీదా మనసు నిలిచేది కాదు, రాత్రి నిద్ర పట్టేది కాదు.

మాతో పనిచేసే ఒక పెద్దావిడ ఇక్కడే పుట్టి పెరిగిన డెనే మనిషి, అంటే ఈ నేల ఆదివాసీ. నా మొహం చూసి, "చలి తగ్గాక బయటికొస్తానంటే ఏప్రిల్ దాకా ఆగాలి. ఈ ఆదివారం నాతో రా, స్కీ నేర్చుకుందువుగాని" అంది. కొండ మీంచి జారే స్కీయింగేమో, నా వల్ల కాదన్నాను. అది కాదట, చదునులో, అడవిలో, గట్టిపడిన సరస్సుల మీద నడుస్తూ జారే క్రాస్ కంట్రీ స్కీయింగట. షారన్, షర్లీ ఫర్త్‌ల పేర్లు నేను మొదట విన్నది ఆవిడ నోటే. "మా ఉత్తరాది ఆడపిల్లలు. నాలుగు ఒలింపిక్స్ ఆడారు" అని చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయింది. ఇంటికొచ్చి వాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ చదవడమూ, ఈ నేర్చుకోవడమూ పక్కపక్కనే సాగాయి కాబట్టి రెండూ కలిపే రాస్తున్నాను.

షారన్, షర్లీ కవలలు. 1953 డిసెంబరు 31న అక్లావిక్‌లో పుట్టారు. మెకంజీ నది ఆర్కిటిక్ సముద్రంలో కలిసే ముందు పాయలుగా విడిపోయే డెల్టాలో ఉంది ఆ ఊరు. వాళ్లు గ్విచిన్ అనే ఆదివాసీ ప్రజలు. ఇంటికి ఆధారం వేట, చేపలు, ఉచ్చులు వేసి పట్టిన జంతువుల బొచ్చు తోళ్లు. వరదలకూ ఒడ్డు కోతకూ అక్లావిక్ నిలవదని ప్రభుత్వం 1950లలో డెల్టాకు తూర్పున ఇనువిక్ అనే కొత్త ఊరు కట్టింది. ఫర్త్ కుటుంబం అక్కడికి మారింది. మేం కదలం అని కొందరు పాత ఊళ్లోనే ఉండిపోయారు. అక్లావిక్ ఇప్పటికీ ఉంది.

ఇనువిక్ ఆర్కిటిక్ వృత్తానికి దాదాపు 200 కిలోమీటర్లు పైన ఉంటుంది. డిసెంబరు మొదటి వారంలో వెళ్లిన సూర్యుడు జనవరి మొదటి వారంలో గాని కనపడడు. దక్షిణం నుంచి అక్కడికి రోడ్డు వేసేసరికి 1979. అంతకుముందు విమానంలోనో, వేసవిలో నది మీద పడవలోనో వెళ్లాల్సిందే. అలాంటి చోటికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్ మారీ మూషే అనే ఫాదర్, అంతకుముందు పక్కనే ఉన్న యూకాన్ ప్రాంతంలోని ఓల్డ్ క్రో గ్రామంలో పిల్లలకు స్కీ నేర్పించిన మనిషి. ఉత్తరాది పిల్లలకు ఆట ద్వారా ధైర్యం వస్తుందా అన్నది పరీక్షించి చూద్దామని ఆయన పెట్టిన కార్యక్రమానికి 1967లో కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. టెస్ట్ ప్రోగ్రామ్ అనేవారు దాన్ని. కోచ్‌గా నార్వే మూలాలున్న బ్యోర్గర్ పీటర్సన్ వచ్చాడు. ఫర్త్ కవలలు అందులో చేరేనాటికి పద్నాలుగేళ్లైనా నిండలేదు.

ఇక నా సంగతి. మొదటి క్లాసులో మాకు పోల్స్ ఇవ్వలేదు. చేతికర్రలు లేకుండా ఎలా అని అందరం మొహాలు చూసుకున్నాం. మా ఇన్‌స్ట్రక్టర్ వాటన్నిటినీ గోడకు ఆనించి పెట్టి, ఒక కాలికే స్కీ తొడుక్కోమంది. రెండో కాలితో నేలను తన్నుతూ, స్కీ ఉన్న కాలి మీదే ఒళ్లంతా మోపి జారాలి. తర్వాత కాలు మార్చాలి. చెప్పడానికి ఇంతే. కానీ మన ఒళ్లు అంత తేలిగ్గా ఒంటికాలి మీదికి రాదు. భయపడిన మనిషి బరువు రెండు కాళ్ల మధ్యనే ఉంచుకుంటాడు, అప్పుడు స్కీ కదలదు. పోల్స్ ఉంటే చేతుల మీద ఆనుకుని ఆ సంగతి తెలియకుండానే గడిపేస్తాం. అందుకే ముందు అవి తీసేస్తారు.

ఈ స్కీ బూటు ముందు కొస మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ పైకి లేస్తుంది. క్లాసిక్ పద్ధతిలో యంత్రంతో వేసిన రెండు గాడుల్లో రెండు స్కీలూ పెట్టి వెళ్తాం. కుడి కాలితో కిందికి నొక్కి వెనక్కి తన్నగానే ఎడమ స్కీ మీద జారాలి, ఆ జారుడు ఆగిపోకముందే ఎడమ కాలితో తన్నాలి. ఎదురు చెయ్యి ఎదురు కాలితో వెళ్తుంది. ఎక్కుడు వస్తే స్కీల ముందు కొసలు విడదీసి అంచుల మీద అడుగులు వేయాలి, దిగుడులో వెనక కొసలు విడదీసి వేగం తగ్గించాలి. నాలుగైదు వారాలు అయ్యాక ఒక సాయంత్రం, సరస్సు మీద, తన్నిన కాలు వెనక గాల్లో ఉండగానే ముందు కాలు తనంతట తాను చాలా దూరం జారింది. శబ్దం మారిపోయింది. అప్పటిదాకా టపటపమని వచ్చే చప్పుడు ఒక్క పొడుగాటి సర్రుమనే శబ్దమైంది. ఆ రోజు నుంచి ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలైంది.

ఊళ్లో ఫర్త్‌ల మాటొస్తే కొంతమంది, "వాళ్లకేం, పుట్టుకతోనే వచ్చిన విద్య. చిన్నప్పటి నుంచి అడవిలో తిరిగినవాళ్లు" అనేవారు. పొగడ్తగానే అంటారు. నేర్చుకోవడం మొదలుపెట్టాక ఆ మాట నాకు నచ్చడం మానేసింది. ఉచ్చుల దారుల్లో నడక, నీళ్లూ కట్టెలూ మోసిన ఒళ్లు, చలిని లెక్కచేయని తీరు ఇంటి నుంచే వచ్చి ఉంటాయి, కాదనను. కానీ ఒక కాలి మీద నిలబడి జారడం ఎవరికీ పుట్టుకతో రాదు. అది వేలసార్లు చేస్తేనే వస్తుంది. వాళ్లిద్దరూ చీకటి నెలల్లో, మైనస్ ముప్పై చలిలో, ఏళ్ల తరబడి చేశారు. 17 ఏళ్లు వరుసగా కెనడా జాతీయ జట్టులో ఉన్నారు. 1972 సప్పోరో, 1976 ఇన్స్‌బ్రుక్, 1980 లేక్ ప్లాసిడ్, 1984 సరయెవో, నాలుగు వింటర్ ఒలింపిక్స్. జాతీయ పోటీల్లో ఇద్దరికీ కలిపి 79 మెడల్స్, అందులో 48 జాతీయ టైటిళ్లు. దాన్ని పుట్టుక ఖాతాలో వేసేస్తే ఆ చాకిరీ అంతా ఏమైపోవాలి?

క్లబ్బులో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు వ్యాక్స్ రూమ్. చిన్న గది, పొడుగాటి బెంచీలు, కరిగిన మైనం వాసన. స్కీని నేల మీద పెట్టి చూస్తే మధ్య భాగం కొంచెం పైకి లేచి ఉంటుంది. మామూలుగా జారేటప్పుడు ఆ మధ్య భాగం మంచుకు గట్టిగా తగలదు. తన్నినప్పుడు మాత్రం మన బరువుకి వంగి మంచును పట్టుకుంటుంది. ఆ పట్టు కోసమే అక్కడ ప్రత్యేకమైన వ్యాక్స్ రాస్తారు. ముందు భాగానికి, వెనక భాగానికి జారడం కోసం వేరే వ్యాక్స్ ఇస్త్రీపెట్టెతో కరిగించి పట్టిస్తారు. ఒకే స్కీ జారాలి, అదే స్కీ ఆగాలి. ఆటలో సగం ఇక్కడే ఉంది.

మొదటిసారి నా చేత పెద్దావిడే పూయించింది. గోడకున్న థర్మామీటరులో మైనస్ 14. బయటికెళ్లి చేతి తొడుగు తీసి కాస్త మంచు పిడికిట్లోకి తీసుకుని నలిపి చూసింది. ముద్ద కాలేదు, పొడిగా రాలిపోయింది. "గ్రీన్" అంది. ఈ వ్యాక్స్‌లకు రంగులే పేర్లు. బాగా చలికి పోలార్, తర్వాత గ్రీన్, దానికంటే వెచ్చనైతే బ్లూ, సున్నా దగ్గర వయొలెట్, ఆ పైన రెడ్. ఎంత చలి ఉంటే అంత గట్టి వ్యాక్స్. చిన్న డబ్బాలోంచి బిళ్ల కొస బయటికి తీసి, మడమ వచ్చే చోటి నుంచి ముందుకి జానెడు మీద జానెడు పలుచగా గీసింది. బెండు ముక్కతో గబగబా రుద్దింది, ఆ వేడికి గీతలు కలిసిపోయి నున్నటి పొర అయ్యింది. మళ్లీ పూత, మళ్లీ రుద్దడం. మందంగా ఒకేసారి పూస్తే పనికిరాదు, పలుచగా పొర మీద పొర వేయాలి. మెత్తటి వ్యాక్స్ వేస్తే మంచు అడుగున అంటుకుని గడ్డకడుతుంది, మరీ గట్టిదైతే ఎక్కుడులో కాలు వెనక్కి జారిపోతుంది. బయట చిన్న ఎక్కుడు మీద నన్ను నడిపించి, "పట్టుకుందా?" అని అడిగింది. పట్టుకుంది.

ఫర్త్‌లు మొదలుపెట్టినప్పుడు చెక్క స్కీలు. 1974లో ఫాలున్ ప్రపంచ పోటీల్లో స్వీడన్ ఆటగాడు తోమస్ మాగ్నసన్ ఫైబర్‌గ్లాస్ స్కీల మీద 30 కిలోమీటర్లు గెలిచాక చెక్క కాలం వెళ్లిపోయింది. రెండు రకాల స్కీల మీదా పైస్థాయిలో ఆడాల్సి వచ్చిన తరం వాళ్లది. ఇప్పుడు చూసే, కాళ్లను పక్కలకు తన్నుతూ వెళ్లే స్కేటింగ్ పద్ధతి అందరూ వాడే నాటికి వాళ్ల ఆట ముగింపుకొచ్చింది, కాబట్టి వాళ్ల జీవితమంతా ఈ గాడులు, ఈ పట్టు, ఈ వ్యాక్స్ లెక్కలే.

చలి గురించి రెండు మాటలు. మైనస్ 30లో మంచు జారదు. స్కీ రాపిడి వేడికి మంచు మీద సన్నటి నీటి పొర ఏర్పడితేనే జారుడు. బాగా చలిలో ఆ పొర సరిగా రాదు, స్ఫటికాల కొసలు కూడా గట్టిగా ఉంటాయి. ఇసుక మీద వెళ్తున్నట్టే ఉంటుంది. అంతర్జాతీయ పోటీలైతే మైనస్ 20 కంటే చలి ఉంటే పెట్టరు. ఇక్కడ మాత్రం ఆ లెక్కన ఆగితే జనవరి అంతా ఇంట్లోనే. నూలు బట్ట వేసుకోకూడదు, చెమట పట్టి తడి ఆరక ఒళ్లు చల్లబడుతుంది. ఒంటికి ఆనేది ఉన్ని. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించాలి, వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టు. నీళ్లు కోటు లోపల పెట్టుకోవాలి. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాలి. ఒకసారి మైనస్ 27లో నా చెంప మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ వచ్చింది, నాకు నొప్పేమీ తెలియలేదు. పక్కనున్నావిడ ఆపి, తన తొడుగు తీసి అరచెయ్యి నా చెంపకు ఆనించి నిలబడింది. రంగు వచ్చాకే కదలనిచ్చింది.

ఇది ఫోన్లో అమ్మకు చెప్పాను. ఖమ్మం ఎండల్లో పుట్టి పెరిగిన మనిషికి అర్థమయ్యేలా చెప్పడం కష్టం. "ఏం తక్కువైందే తల్లీ నీకు, ఆ మంచులో పడి తిరగడానికి? పాపని కూడా తీసుకెళ్తున్నావా?" అంది. తీసుకెళ్తున్నాను. పాప జాక్‌రాబిట్స్‌లో చేరింది. దేశమంతా చిన్నపిల్లలకు స్కీ నేర్పే కార్యక్రమం అది. నార్వే నుంచి వచ్చి కెనడాలో స్కీ దారులు వేసిన 'జాక్‌రాబిట్' యోహాన్సన్ పేరు మీద పెట్టారు. 1875లో పుట్టి 1987 దాకా బతికిన మనిషి. ఆ సంగతి చెప్తే అమ్మ కాస్త మెత్తబడింది. "అయితే ఒంటికి మంచిదే అన్నమాట" అంది.

రెండో ఏడు మార్చిలో ఇనువిక్‌లో కొన్నాళ్లు పనిచేసే అవకాశం వచ్చింది, స్కీలు వెంట తీసుకెళ్లాను. కింద నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది కాబట్టి నీళ్ల గొట్టాలు, మురుగు గొట్టాలు పెట్టెల్లాంటి కప్పుల్లో నేలకు పైనే ఇంటింటికీ వెళ్తాయి. తెల్లగా గుండ్రంగా ఇగ్లూ ఆకారంలో చర్చి. ఊరి వెనక స్కీ దారులు. స్ప్రూస్ చెట్లు బక్కగా, పొట్టిగా ఉంటాయి, చెట్లు పెరిగే హద్దు దగ్గరకొచ్చేశాం కదా. ఒక మిట్ట ఎక్కితే ఒకవైపు డెల్టా అంతా తెల్లగా పరుచుకుని కనపడుతుంది. ఈ దారుల్లోనే వాళ్లు తయారయ్యారు అనుకుంటూ, ఆ ఎక్కుడు ఊపిరాడక రెండుచోట్ల ఆగి ఎక్కాను. పద్నాలుగేళ్ల పిల్లలు స్కూలు వదిలాక చీకట్లో ఇక్కడ చుట్లు కొట్టడం ఊహించుకున్నాను.

అక్కడ మందుల కోసం వచ్చిన ఒక ముసలాయన స్కీ సంగతి విని చాలాసేపు కూర్చున్నాడు. టెస్ట్ ప్రోగ్రామ్ పిల్లల్లో చాలామంది ఊళ్లోని రెసిడెన్షియల్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు. కెనడాలో ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వాళ్ల భాష మాట్లాడనివ్వకుండా పెంచిన వ్యవస్థ అది. అక్కడ జరిగిన హింసను సత్యాన్వేషణ సంఘం 2015 నివేదికలో దేశం ముందు పెట్టింది. "మాకు స్కీ అంటే గేటు దాటి బయటికి పోవడం. దారి మీద ఉన్నంతసేపు మమ్మల్ని ఎవరూ ఏమీ అనేవాళ్లు కారు" అన్నాడాయన. ఆ మాట విన్నాక ఆ పిల్లలు అంతసేపు ఎందుకు ప్రాక్టీసు చేసేవారో నాకు ఇంకో రకంగా తెలిసింది. ఆటకు డబ్బిచ్చిన అదే ప్రభుత్వం ఆ హాస్టళ్లకూ డబ్బిచ్చింది. ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే పిల్లల జీవితంలో జరిగాయి. ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేయకూడదని నా అభిప్రాయం.

ఒలింపిక్ మెడల్ వాళ్లకు రాలేదు. ఇది చెప్పినప్పుడు మా ఆయన "అయ్యో" అన్నారు. నేనైతే అలా చూడను. సప్పోరోలో 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు, రిలే, మూడు బంగారు పతకాలూ సోవియట్ స్కీయర్ గలీనా కులకోవా తీసుకెళ్లింది. ఆమె వెనక పెద్ద దేశపు క్రీడా యంత్రాంగం ఉంది. సరయెవోలో ఫిన్లాండ్‌కు చెందిన మార్యా లీసా హమలైనెన్ మూడు వ్యక్తిగత బంగారాలూ గెలిచింది. ఆ దేశంలో స్కీ అంటే ఇంటింటి సంగతి. వీళ్లు రోడ్డే లేని ఊరి నుంచి, ఒక్కో రేసు కోసం వేల కిలోమీటర్లు విమానాల్లో ఎగిరి, జాతీయ జట్టులో తమలాంటి మొహాలు కొన్నే ఉన్న చోట, 18 ఏళ్లకు మొదటి ఒలింపిక్స్ ఆడి 30 ఏళ్లకు నాలుగోది ఆడేదాకా నిలిచారు. 1987లో ఇద్దరికీ దేశపు పెద్ద పౌర పురస్కారం ఆర్డర్ ఆఫ్ కెనడా ఇచ్చారు. షర్లీ స్వీడన్‌కు చెందిన ఒకాయన్ను పెళ్లి చేసుకుని చాలా ఏళ్లు యూరప్‌లో ఉండి, తర్వాత మా యెల్లోనైఫ్‌కే వచ్చింది. 2013లో క్యాన్సర్‌తో పోయింది, 59 ఏళ్లకే. 2015లో కెనడా స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇద్దరి పేర్లూ చేర్చారు. షర్లీ ఉండగానే చేర్చి ఉంటే ఇద్దరూ కలిసి నిలబడేవారు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆడవాళ్లకు ఆ రోజుల్లో దూరాలు కూడా చిన్నవే. సప్పోరోలో మగవాళ్లకు 50 కిలోమీటర్ల రేసు ఉంటే ఆడవాళ్లకు పదే ఎక్కువ. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 20 కిలోమీటర్ల రేసు మొదటిసారి పెట్టింది 1984 సరయెవోలో. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే దూరాలు అని అంతర్జాతీయ స్కీ సమాఖ్య తేల్చింది 2022లో గాని కాదు. అందుకే మా క్లబ్బు వాళ్ల వసంతకాలపు లాంగ్ రేసుకు పేరు ఇచ్చేటప్పుడు నేను 20 కిలోమీటర్లే రాశాను.

రేసు రోజు మైనస్ 9, ఎండ. బ్లూ వేసుకున్నాను, పైన గ్రీన్ ఒక పలుచని పొర. మొదటి సగం హాయిగా గడిచింది. సరస్సు దాటాక రాతి గుట్టల మధ్య ఎక్కుడులు మొదలయ్యాయి. పన్నెండో కిలోమీటరు దగ్గర తొడలు వణకడం మొదలైంది, తన్ను బలం తగ్గింది, బలం తగ్గగానే వ్యాక్స్ మంచును పట్టుకోవడం మానేసింది. స్కీలో తప్పేమీ లేదు, అలసిన కాలు కిందికి నొక్కడం లేదు, అంతే. వ్యాక్స్ రూమ్‌లో విన్నప్పుడు లెక్కలా ఉన్న విషయం అక్కడ ఒంటికి తెలిసింది. ఎక్కుడు మీద నిలబడి, ఖర్జూరం ముక్క నోట్లో వేసుకుని, ప్రతి అడుగుకీ తుంటి ముందుకు తెచ్చి నేరుగా కాలి మీద నిలబడి తన్నడం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పట్టు తిరిగొచ్చింది. నాకు దాదాపు మూడు గంటలు పట్టింది. సరయెవోలో హమలైనెన్ అదే దూరం గంటకు కాస్త ఎక్కువ సమయంలో వెళ్లింది. ఆ వేగం ఎలాంటిదో ఇప్పుడు నాకు లెక్కల్లో కాదు, తొడల్లో తెలుసు.

ఇప్పుడు ఆదివారాలు కొత్తగా వచ్చే ఆడవాళ్ల గ్రూపుకి నేనూ సాయం పడుతున్నాను. ఫిలిప్పీన్స్ నుంచి, కేరళ నుంచి వచ్చిన నర్సులు ఉన్నారు, నల్గొండ నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఉంది. మొదటి రోజు పోల్స్ తీసి గోడకు పెట్టేది ఇప్పుడు నేనే. ఉత్తరాన ఉండే మనవాళ్లు ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే కొత్త సామాను కొనకండి. ముందు క్లబ్బులో అద్దెకు తీసుకోండి. వ్యాక్స్ గొడవ వద్దనుకుంటే పొలుసుల అడుగున్న స్కీలు దొరుకుతాయి, జారుడు కాస్త తక్కువ, పట్టు ఎప్పుడూ ఉంటుంది. పోల్ ఎత్తు చంక కిందికి రావాలి. మంచు పడకముందు క్లబ్బు వాళ్లు పాత సామాను అమ్మకం పెడతారు. పిల్లల సైజులు మొదటి అరగంటలో అయిపోతాయి, తలుపు తీసే టైముకే అక్కడ ఉండండి.